జనార్దన్ గారు చదివిన ఖాళీ పేజీ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదని చెప్తే మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నాకు దేని మీదా తొందరగా నమ్మకం కుదరదని వాళ్లకు తెలుసు. పదకొండేళ్లు ఒక పత్రిక డెస్కులో కూర్చుని ప్రూఫులు దిద్దాను. ఎవరు ఏం చెప్పినా "అసలు కాపీలో ఉందా?" అని అడగడం నాలుకకు అలవాటైపోయింది. చిన్నప్పుడు మా నానీ, అంటే మా అమ్మమ్మ, జిన్నుల కథలు చెప్తుంటే ఆ జిన్నుది ఏ ఊరు, చూసినవాళ్ల పేరేమిటి అని అడిగి తిట్లు తిన్నవాణ్ణి.

ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. కాకపోతే ఒక రోజు పట్టపగలు, నిండిన హాల్లో, అందరితోపాటు కూర్చుని నేను చూసింది ఒకటుంది. దానికి వీడియో ఉంది, సాక్షులున్నారు. నేను ఎంత వెతికినా కారణం మాత్రం దొరకలేదు.

ఇన్నాళ్లూ దీన్ని ఎవరికీ చెప్పకపోవడానికి కారణం భయం కాదు. ఇది చెప్పాలంటే ముందు నేను చేసిన వెధవ పని చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు కదా, అందుకని ఊరుకున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో పత్రికవాళ్లు మా డెస్కు ఎత్తేశారు. నాకు వచ్చిన పని ఒక్కటే, ఇతరులు రాసింది సరిచేయడం. నల్గొండలో గడియారం సెంటర్ వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుని "రచనలు సరిదిద్దబడును, పుస్తకాలు తయారు చేయబడును" అని బోర్డు పెట్టాను. ఆ బోర్డు చూసి మొదటి వారంలో వచ్చింది ఒకే ఒక్కడు. భూమి పాస్‌బుక్కులో తండ్రి పేరు తప్పు పడింది, సరిదిద్దమన్నాడు.

తర్వాత మెల్లగా పని దొరికింది. రాష్ట్రం వచ్చాక మా వైపు రాసేవాళ్లు ఎక్కువయ్యారు. ఉద్యమం రోజుల జ్ఞాపకాలు, ఊరి చరిత్రలు, రిటైరైన సార్ల కవిత్వం, వకీళ్ల ఆత్మకథలు. వాళ్లు రాసింది నేను టైపు చేయించి, దిద్ది, పేజీలు కట్టి, ప్రెస్సుకు పంపేదాకా చూసేవాణ్ణి.

నా పనిలో ఒక పద్ధతి ఉంది. టైపు అయిన ప్రతి పుస్తకాన్నీ ఇద్దరం కలిసి సరిచూస్తాం. నా భార్య నస్రీన్ రాతప్రతి పట్టుకుని పైకి చదువుతుంది, నేను టైపు కాగితం మీద పెన్సిలు పెట్టి వెంబడిస్తాను. మా పాత డెస్కులో అట్లాగే చేసేవాళ్లం. ఇంట్లో మేము ఉర్దూలో మాట్లాడుకుంటాం గానీ నస్రీన్ తెలుగు చదివితే రేడియో వార్తల్లా ఉంటుంది. ఒక్క అక్షరం మింగదు. ఆమె ఒకసారి చదివిన వాక్యం మరిచిపోదు కూడా. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసిన పని ఆమెకు తెలియకుండా చేయడానికి నేను ఈ పద్ధతినే పక్కన పెట్టాల్సి వచ్చింది.

బీరయ్య గారు ఆత్మకూర్ దగ్గర ఒక ఊరి మనిషి. గొర్లకాపరుల ఇంట్లో పుట్టి, హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివి, స్కూల్లో అటెండరుగా రిటైరయ్యారు. డెబ్బై దాటాయి. కూతురు నల్గొండలో ఉండడం వల్ల వచ్చిపోతూ నా బోర్డు చూశారు. ఒకరోజు పొద్దున మూడు పొడుగు నోటుబుక్కులు తువ్వాలలో చుట్టుకుని వచ్చారు. గొర్ల వెంట కృష్ణా నది దాకా నడిచిన నడకలు, మంద ఆపిన చేలు, స్కూల్లో గంట కొట్టిన ముప్పై ఏళ్లు, అన్నీ అందులో ఉన్నాయి. అక్షరాలు పెద్దవి, మాటలు చిన్నవి. దిద్దడానికి పెద్దగా ఏమీ లేని రాత అది.

రెండో నోటుబుక్కులో మూడు పేజీలు ఆయన తల్లి కొమురవ్వ గురించి. వాటిని వేలుతో చూపించి ఆయన ఒక మాట అన్నారు.

"సారు, గీ మూడు పేజీలు జర పైలంగ సూడుండ్రి. మా అమ్మకు ఫొటో లేదు. ఆమె మొకం ఎట్లుంటదో నాకు తప్ప ఎవ్వరికి తెల్వదు. నేను పోతే గీ కాగితాలే ఆమె."

ఆ పేజీల్లో ఉన్నది చిన్న సంగతి. బీరయ్యను హాస్టల్లో వేయడానికి ముందు ఏడాదంతా ఆమె ఉన్ని వడికి కొడుకు కోసం గొంగడి నేయించింది. హాస్టల్లో అందరి గొంగళ్లూ నల్లగానే ఉంటాయి కదా, కొడుకుది కలిసిపోకూడదని అంచుకు ఒక ఎర్ర దారం కుట్టింది. ఆత్మకూర్ దాకా వానలో నడిపించుకుంటూ, గొంగడి వాడికి కప్పి తను తడుస్తూ తీసుకొచ్చింది. గేటు లోపలికి రాలేదు. బీరయ్య లోపలికి పోయి వెనక్కి తిరిగి చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉంది. అంతే. నస్రీన్ అది చదువుతూ మధ్యలో ఆపి గ్లాసు నీళ్లు తాగి వచ్చింది.

ఆ మూడు పేజీలు నేను తీసేశాను.

మా పనిలో పుస్తకం ఫారాల లెక్కన ఉంటుంది, ఫారానికి పదహారు పేజీలు. బీరయ్య గారి పుస్తకం ఏడు ఫారాలు నిండి మూడు పేజీలు మిగిలాయి. మూడు పేజీల కోసం ఇంకో ఫారం ఎక్కించడం ఎందుకనుకున్నాను. అక్కడక్కడా నాలుగు లైన్లు తగ్గించి సర్దవచ్చు, కానీ అది రెండు రోజుల పని. తల్లి భాగం విడిగా ఉంది కాబట్టి ఎత్తేస్తే కథ ఎక్కడా తెగదు. బద్ధకానికి ఆ రోజు నేను పెట్టిన పేరు "కథనం బిగుతు". బీరయ్య గారికి చెప్పకుండానే తీసేశాను. తర్వాత చెప్దాంలే అనుకున్నాను.

తీసేసిన వాటిని నేను పారేయను. కంప్యూటర్లో "తీసినవి" అని ఒక ఫైలు ఉండేది. అందరి పుస్తకాల్లోంచి కోసినవీ అందులో పడేవి. కొమురవ్వ కూడా అందులో పడింది.

అదే సమయంలో జనార్దన్ గారు వచ్చారు. రోడ్లు, బడి భవనాలు కట్టే కాంట్రాక్టరు. నల్గొండలో పేరున్న మనిషి, మాటకు కలుపుగోలు. చనిపోయిన తల్లి సంవత్సరీకం నాటికి తన జీవితకథ పుస్తకంగా రావాలని ఆయన కోరిక. దాంతో బీరయ్య గారి పుస్తకాన్ని వెనక్కి నెట్టి దీన్ని ముందుకు తీసుకున్నాను. అంతా బాగానే కుదిరింది గానీ తల్లి అధ్యాయం మాత్రం పేజీన్నరకు మించలేదు. అందులో ఉన్నదల్లా ఆమె దేవత, అన్నపూర్ణ, మమతకు మారుపేరు.

"రఫీ భాయ్, అమ్మ చాప్టర్ జర గట్టిగ ఉండాలె. చదివినోళ్లు కండ్ల నీళ్లు పెట్టుకోవాలె," అని రోజుకోసారి ఫోను చేసేవారు.

ఆమె గురించి ఏదైనా ఒక సంగతి చెప్పమని అడిగితే, "అందరికి పెట్టేది భాయ్. ఇంకేం జెప్పాలె," అనేవారు. ఆయన్ని తప్పుపట్టడం లేదు. మనలో చాలామందికి తల్లి గురించి అంతకంటే ఎక్కువ గుర్తుండదు.

ప్రెస్సుకు పోవాల్సిన రోజు దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక "తీసినవి" ఫైలు తెరిచాను. నిజం చెప్పాలంటే తోచక కాదు, ఏం తీసుకోవాలో తెలిసే తెరిచాను. కొమురవ్వ ఉన్ని తానే వడికింది. జనార్దన్ గారి తల్లి వ్యవసాయం ఇంటి మనిషి కాబట్టి వడికించుకున్నట్టు మార్చాను. ఆత్మకూర్ హాస్టల్ బదులు ఆయన చదివిన హాస్టల్ పెట్టాను. బీరయ్య గారి భాషను పుస్తక భాషలోకి తిప్పాను. వాన, ఎర్ర దారం, గేటు అట్లాగే ఉంచాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఒకరి తల్లిని తీసి ఇంకొకరికి ఇచ్చేశాను. అరగంట కూడా పట్టలేదు.

ఆ అధ్యాయం చదివి జనార్దన్ గారు నిజంగానే ఏడ్చారు. "నీకెట్ల తెలిసింది భాయ్? మా అమ్మ అచ్చం గిట్లనే ఉండె," అన్నారు. మీరు ఫోన్లో చెప్పినవాటి నుంచే అల్లాను అన్నాను. ఆయన నమ్మారు. అప్పుడు నాకు సిగ్గు వేయకపోగా కొంచెం గర్వం కూడా కలిగింది. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ ఒక్క పుస్తకాన్ని మాత్రం నస్రీన్‌ను చదవమనలేదు. టైము లేదని చెప్పి ఒక్కణ్ణే సరిచూసుకున్నాను.

పుస్తకం ఆవిష్కరణ ఒక ఫంక్షన్ హాల్లో, పొద్దున పదకొండు గంటలకు. వేదిక మీద జనార్దన్ గారి తల్లి నిలువెత్తు ఫొటో, దానికి గులాబీల దండ. ఆ ఫొటో చూడగానే నాకు ఫొటో లేని ఇంకో ఆమె గుర్తొచ్చి తల తిప్పుకున్నాను. మూడో వరసలో కూర్చున్నాను. ఒళ్లో పుస్తకం, చేతిలో పెన్సిలు. ఎవరైనా పైకి చదువుతుంటే కాపీ పట్టుకుని వెంబడించకుండా ఉండలేను, అది నా రోగం.

ఒక రిటైర్డ్ ప్రిన్సిపాల్ గారు మాట్లాడాక, జనార్దన్ గారు లేచి తల్లి అధ్యాయం చదవడం మొదలుపెట్టారు. కళ్లద్దాలు పెట్టుకుని, కొంచెం ఇంగ్లీషు యాసలో, వేదికల మీద మాట్లాడే గొంతుతో చదివారు. నేను లైను వెంట లైను పెన్సిలు జరుపుతున్నాను. నలభై ఏడో పేజీ చివరికి వచ్చారు. "నేను వెనక్కి తిరిగి చూస్తే అమ్మ ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉంది." అధ్యాయం అక్కడితో అయిపోయింది. చప్పట్ల కోసం పుస్తకం పక్కన పెట్టబోయాను.

ఆయన కాగితం తిప్పి, ఎడమవైపు పేజీ చూస్తూ చదువుతూనే ఉన్నారు.

నేనూ కాగితం తిప్పాను. నలభై ఎనిమిదో పేజీ ఖాళీ. నేను కట్టిన పుస్తకమే అది. ప్రతి అధ్యాయం కుడిచేతి పేజీలో మొదలవ్వాలని ఎడమవైపు తెల్లగా వదిలింది నేనే. అందులో పేజీ నంబరు కూడా లేదు.

ఆయన కళ్లు మాత్రం లైను వెంట లైను కదులుతున్నాయి. గొంతు ఆయనదే. మాట ఆయనది కాదు. ఆ తర్వాత వీడియోలో పదేపదే విని రాసుకున్నాను కాబట్టి ఆయన అన్నది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"పోయిందన్నడు. హాస్టల్ల ఎవలో ఎత్కపోయిండ్రన్నడు. నేను ఎతక పోయిన. అంగడంత తిరిగిన. చాయ్ హోటలు కాడ పొయ్యి ముంగట కూసున్నోని బుజం మీద ఉన్నది. అంచుకు నా దారం ఉన్నది. ఇది నీకు ఏడిది అయ్యా అని అడిగిన. ఒక పోరడు ఇచ్చిండు, బదులు నా అంగి తీసుకపోయిండు అన్నడు. మల్ల ఏం అడగలే. ఆన్నే కూసోని చాయ్ తాగిన. వాపసు పోయి పోరనికి దొరకలే అని చెప్పిన. వాని ఒంటి మీద తెల్లంగి ఉన్నది. మంచిగున్నవ్‌రా బీరిగా అన్న."

అక్కడ ఆపి, పుస్తకం మూసి, కళ్లద్దాలు తీసి కూర్చున్నారు. పక్కనున్న సీసాలోంచి నీళ్లు తాగారు.

హాలంతా చప్పట్లు. ప్రిన్సిపాల్ గారు కళ్లు తుడుచుకుంటున్నారు. తల్లి గొంతుతో నటించి చదివారని అందరూ అనుకున్నారు. నా వెనక వరసలో ఒకామె, "ఎంత మంచిగ జెప్పిండు," అంది. నేను మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. అరవడానికి లేదు, లేవడానికి లేదు. పుస్తకం మొత్తంలో బీరయ్య పేరు ఎక్కడా లేదు. ఆయన ఎవరో జనార్దన్ గారికి తెలియదు.

భోజనాలకు లేచినప్పుడు వేదిక ఎక్కి, ఆయన చదివిన కాపీని తీసి చూశాను. నలభై ఎనిమిదో పేజీ తెల్లగానే ఉంది. చీటీలేవీ లేవు, పెన్సిలు రాత లేదు. నా దగ్గరున్న పది కాపీలు కూడా తిప్పి చూశాను.

నాకు తోచిన మొదటి సమాధానం ఒకటుంది. ఈ గొంగడి పోయిన సంగతి బీరయ్య గారి నోటుబుక్కులో ఉండి ఉంటుంది, నేను టైపు చేయించేటప్పుడు వదిలేసి ఉంటాను, అది ఎట్లాగో జనార్దన్ గారి దాకా పోయి ఉంటుంది. ఎట్లా పోయిందో తర్వాత తేల్చుకోవచ్చు. ఇంటికి రాగానే ట్రంకు తెరిచి రెండో నోటుబుక్కు తీశాను. గేటు దగ్గర నిలబడి ఉందన్న వాక్యంతో ఆ భాగం అయిపోయింది. తర్వాతి లైను నుంచి మేకల రోగం గురించి ఉంది. మూడు నోటుబుక్కులూ వెతికాను. గొంగడి పోయిన మాట, అంగి మాట ఎక్కడా లేదు.

రెండు రోజులకు ఫంక్షన్ వీడియో అందరి ఫోన్లకూ వచ్చింది. నస్రీన్ వంటింట్లో బీరకాయ తరుగుతూ చూసింది. చూసి కత్తి పక్కన పెట్టి నా దగ్గరికొచ్చింది. ప్రూఫు చదివేటప్పుడు మాట్లాడినట్టు తెలుగులో అడిగింది.

"గిది బీరయ్య తాత వాళ్ల అమ్మ గాదా?"

నేను బల్ల మీది ప్రూఫులు సర్దసాగాను. ఆమె మళ్లీ అడగలేదు. ఆ రోజు నుంచి నెల రోజులు నా పక్కన కూర్చుని ఏ పుస్తకమూ చదవలేదు. ఎవరి చేత చదివించుకుంటావో చదివించుకో అంది.

జనార్దన్ గారికి ఫోను చేసి, ఆ చివరి మాటలు ఎక్కడివని అడిగాను. "పుస్తకంల ఉన్నదే చదివిన గద భాయ్," అన్నారు. లేదని చెప్తే వీడియో చూసుకున్నారు. "ఎమోషన్ల ఏందో అన్నట్టున్న. మంచిగనే వచ్చింది గద," అని నవ్వారు. ఆత్మకూర్ వైపు ఎప్పుడైనా పని చేశారా అని అడిగాను. ఎప్పుడూ పోలేదన్నారు. ఆయన తల్లిది మిర్యాలగూడ వైపు ఊరు. నాకు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆయనకు లేదు. అబద్ధాలు చెప్పింది మా ఇద్దరిలో నేనే.

ఇంత జరిగాక నేను పరుగెత్తుకుంటూ బీరయ్య గారి దగ్గరికి పోయాననుకుంటారేమో. పోలేదు. ఒకరోజు ఆయనే ఫోను చేశారు. "సారు, కండ్లు మసకలైతున్నయి. బుక్కు ఎందాక వచ్చింది? మా అమ్మ పేజీలు సక్కగ వచ్చినయా?" అన్నారు. వచ్చాయని చెప్పాను. నా నోటి నుంచి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

నస్రీన్ పక్క గదిలోంచి విన్నది. "రేపు పొద్దుగాల బస్సు ఉన్నది. నోటుబుక్కులు తీసుకపో, ఫోను తీసుకపో," అంది.

మూడు బస్సులు మారి ఆ ఊరు చేరేసరికి పన్నెండు దాటింది. బీరయ్య గారు ఇంటి ముందు రేకుల కింద కూర్చుని ఉన్నారు. పక్కన తట్ట కింద నాలుగు గొర్రె పిల్లలు. మంద కొడుకు వెంట పోయింది. కోడలు చాయ్ ఇచ్చి లోపలికి పోయింది. నేను తాగకుండానే మొదలుపెట్టాను. పేజీలు తీసేసిన సంగతి, ఫారం లెక్క, ఇంకొకరి పుస్తకంలో పెట్టిన సంగతి, ఫోన్లో చెప్పిన అబద్ధం, వరసగా చెప్పేశాను.

ఆయన తట్ట కొంచెం ఎత్తి గొర్రె పిల్లలను తడిమి మళ్లీ దించారు. తర్వాత అడిగారు. "ఎవలమ్మ పేరు మీద పెట్టినవ్?"

చెప్పాను.

"ఆమె ఫొటో ఉన్నదా?"

ఉందన్నాను. ఆయన చెయ్యి చాపి నోటుబుక్కులు తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. అంతకుముందు ఎప్పుడూ నన్ను "సారు" అనే పిలిచిన మనిషి, ఆ రోజు అనలేదు.

"నీకు సదువొచ్చు. నాకు అంత రాదు. గందుకే గద నీ చేతుల పెట్టిన. నువ్వు గిట్ల జేస్తవా?"

తిడితే బాగుండేది. తిట్టలేదు.

ఇంకొకటి కూడా ఉందని చెప్పి ఫోను తీశాను. పెట్టడానికి భయమేసింది. పెట్టాను. ఆయనకు బొమ్మ సరిగా కనబడదు కాబట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. గేటు దాకా ముఖంలో ఏమీ మారలేదు. "పోయిందన్నడు" అన్న మాట దగ్గర నోటుబుక్కు మీదున్న చెయ్యి ఆగింది. అయిపోయాక "మల్ల పెట్టు" అన్నారు. మళ్లీ పెట్టాను. మూడోసారి పెట్టినప్పుడు ఫోనును రెండు చేతుల మధ్య పట్టుకుని నుదుటికి ఆనించుకున్నారు. అందులో తెల్లబట్టల కాంట్రాక్టరు మైకు ముందు నిలబడి ఉన్నాడు.

"తప్పైంది అమ్మా," అన్నారు.

కోడలు తలుపు దాకా వచ్చి చూసి ఆగిపోయింది.

కొంతసేపటికి ఆయనే చెప్పారు. హాస్టల్లో పిల్లలు గొర్ల వాసన వస్తోందని దూరం జరిగేవారట. బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో పొయ్యి ముందు పనిచేసే అతని దగ్గర జేబున్న తెల్లంగి ఒకటి ఉండేది. గొంగడి అతనికి ఇచ్చి ఆ అంగి తెచ్చుకున్నారట. తల్లికి గొంగడి పోయిందని, అంగి హాస్టలువాళ్లు ఇచ్చారని చెప్పారట. ఆమె సంతంతా వెతికొచ్చి దొరకలేదంది.

"గీ ముచ్చట నా పెండ్లానికి జెప్పలే, పిల్లలకు జెప్పలే. బుక్కుల గూడ రాయలే, సిగ్గయ్యి. ఆమెకు దొరికిందని నాకే తెల్వదు. దొరకలే అంటే నమ్మిన. ఆమె దొరకలే అన్నప్పుడు లోపల సంబురపడ్డ. గదే నా తప్పు, అంగి గాదు. గా దినం నన్ను సూసి మంచిగున్నవ్‌రా అన్నది. గా మాట యాదికున్నది. తెల్వక అన్నదనుకున్న ఇన్నేండ్లు."

తనను బీరిగా అని పిలిచేవాళ్లు ఇప్పుడు భూమ్మీద ఎవరూ లేరని కూడా అన్నారు.

అప్పటిదాకా, ఈయన ఎప్పుడో ఎవరితోనో చెప్పి ఉంటాడు, అది తిరిగి తిరిగి జనార్దన్ గారి చెవిన పడి ఉంటుందని ఒక మూల ఆశ ఉండేది. ఈయనకే తెలియనిది ఇంకెవరు చెప్తారు? తెలిసినవాళ్లు ఇద్దరే, ఆ తల్లి, ఆ హోటలు మనిషి. అరవై ఏళ్ల కిందటి మాట. జనార్దన్ గారు అప్పటికి పుట్టలేదు.

మీ పేజీలు మీ పుస్తకంలో పెడతాను, అవతలి పుస్తకంలోంచి తీయిస్తాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఊరంత పంచినంక ఎట్ల తీపిస్తవ్? నాది నేను జెప్త, రాసుకో. అంగి ముచ్చట గూడ రాసుకో. నీది నువ్వు రాయి. ఇద్దరియి బయట పడాలె."

సరే అన్నాను. అక్కడే రేకుల కింద కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఒక్క మాట మార్చలేదు. ఇంటికి వచ్చాక నస్రీన్ పైకి చదివింది, నేను పెన్సిలు పట్టుకున్నాను.

ఆయన పుస్తకం వచ్చింది. గొంగడి, గేటు, అంగి అన్నీ ఉన్నాయి. ఆయన తన మాట నిలబెట్టుకున్నారు. సొంత ఊళ్లో, సొంత మనవల ముందు, తల్లిని మోసం చేశానని అచ్చులో ఒప్పుకున్నారు. నా మాట నేను నిలబెట్టుకోలేదు. గిరాకీ పోతుందని, పేరు పోతుందని, ఈ ఏడాది కాదు వచ్చే ఏడాది అని రెండేళ్లు జరిపాను.

ఈమధ్య నల్గొండలో ఒక సాహిత్య సభలో రెండు పుస్తకాలూ చదివిన ఒకాయన లేచి, ఈ ముసలాయన తల్లి భాగాన్ని జనార్దన్ గారి పుస్తకం నుంచి ఎత్తాడని అన్నాడట. బీరయ్య గారు అక్కడే, కూతురి పక్కన కూర్చుని ఉన్నారట. కూతురు నాకు ఫోను చేసి ఏడ్చింది. మీరేమీ అనరా అని తను తండ్రిని అడిగితే, "రాసేటోడు రాస్తడు బిడ్డా, జర ఆగు," అన్నారట.

ఆ రోజు హాల్లో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. వీడియో ఎవరికి చూపించినా మంచి నటన అంటారు. ఖాళీ పేజీలో ఆయనకు ఏం కనబడిందో, ఎవరు ఎవరి నోటితో మాట్లాడారో చెప్పే తెలివి నాకు లేదు. నేను ఎత్తుకొచ్చిన మూడు పేజీల వెంట ఆమె వచ్చిందా అని ఒక్కోసారి అనిపిస్తుంది. వెంటనే ప్రూఫురీడరు అడుగుతాడు, కాపీలో ఉందా అని. లేదు. జనార్దన్ గారికి కూడా నేను ఇంకా చెప్పలేదు. ఇది చదివాకే ఆయనకు తెలుస్తుంది.

తెలిసినది మాత్రం రాస్తున్నాను. బీరయ్య గారు ఎవరి పుస్తకంలోంచీ ఏదీ తీసుకోలేదు. ఆ గొంగడి ఆయనది, ఆ తల్లి ఆయన తల్లి, ఆమె పేరు కొమురవ్వ. ఎత్తుకుపోయింది నేను.